భుజాల మీద భాంగ్రా

ఆ రోజుల్లో ఎండాకాలం సెలవులకు ఇన్ని పేర్లు లేవు. క్యాంపులు, వర్క్‌షాపులు అనే మాటలు ఇంకా మా నాచారం దాకా రాలేదు. పరీక్షలైపోగానే సగం మంది పిల్లలు అమ్మమ్మల ఊళ్లకు బస్సెక్కేవారు. మిగిలిన సగం మంది గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, క్యారమ్ బోర్డు కూడా తమతో జరుపుకుంటూ సాయంత్రం చేసేవారు. ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం లేస్తున్న రోజులవి. (అది పూర్తయితే మా గల్లీ నుంచి ఒక్కడైనా ఇండియాకు ఆడి తీరతాడని మా మగపిల్లల నమ్మకం. వాళ్లలో అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఇప్పుడు స్టేడియం ఎదుటి రోడ్డులో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాడు. మ్యాచ్ ఉన్న రోజు ఇడ్లీ దొరకదు.) మా గల్లీలో దాదాపు అందరూ భువనగిరి వైపు నుంచో, జనగామ వైపు నుంచో ఫ్యాక్టరీ పనులకని వచ్చి నిలిచిపోయినవాళ్లే. నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ ఏడు పెళ్లి ముహూర్తాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడి అమ్మ కుట్టుమిషన్ ముందు నుంచి లేచే వీల్లేకపోయింది. మా ఊరి ప్రయాణం ఆగిపోయింది. అలా నేను నాట్యకళ చేతికి చిక్కాను.

అప్పటికి నేను తొమ్మిదో తరగతి పూర్తి చేశాను. దానికంటే పెద్ద సంగతి, ఎత్తులో నాన్నను దాటిపోయాను. స్కూలు గౌను అంచు అమ్మ విప్పుతూ వచ్చింది, విప్పడానికి ఇక అంచు మిగల్లేదు. గల్లీలో పిల్లలు నాకు నిచ్చెన అని పేరు పెట్టారు. కిరాణా కొట్టు మామ పైన వేలాడే షాంపూ ప్యాకెట్ల దండ అందుకోవడానికి కర్ర తీయడం మానేసి, నేను అటు పోయేదాకా ఆగేవాడు. నేనేమో తక్కువ కనబడాలని మెడ ముందుకు వంచి, భుజాలు లోపలికి ముడుచుకుని నడిచేదాన్ని. అది చూస్తే అమ్మకు ఒళ్లు మండేది. “ఏందే గట్ల వంగి నడుస్తవ్? తొవ్వల ఏమన్న పారేసుకున్నవా? గిట్లనే తిరిగితె రేపు గూని పడ్తది” అనేది, నోట్లో దారం పట్టుకునే.

మా కాలనీ సంఘానికి రైల్వేలో పనిచేసే ఒక అంకుల్ అధ్యక్షుడు. సంతకాలు ఆయన పెట్టేవాడు, అధ్యక్షత ఆంటీ వహించేది. అందుకని ఊరంతా ఆమెనే ప్రెసిడెంట్ ఆంటీ అనేది. వాళ్లది గోదావరి వైపు. పక్క కాలనీలో ఆ వేసవికి కరాటే మొదలుపెట్టారని తెలిసి ఆంటీకి రెండు రోజులు అన్నం సయించలేదని అంకుల్ తర్వాత చెప్పాడు. మూడో రోజు కాలనీ హాలు ముందు బ్యానర్ లేచింది: వేసవి నాట్య శిక్షణ. ఆంటీ మాటల్లో చెప్పాలంటే, “ఒక్క డాన్సు ఎవరైనా నేర్పిస్తారండీ. మనం వారానికో డాన్సు, వారానికో గెస్టు మాస్టారు. స్కూళ్లు తెరిచేసరికి మన పిల్లలకి అన్నీ వచ్చేయాలి.” వారంలో పప్పుచారు కూడా పట్టుబడదని వెనక ఎవరో గొణిగారు గానీ ఆంటీ దాకా చేరలేదు.

అమ్మ నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లింది. ఆంటీ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. చూడటానికి కొంత సమయం పట్టింది. “ఇంటర్మీడియటా అమ్మా?” అని అడిగింది. తొమ్మిది అయిపోయిందని చెప్పాను. అమ్మ కొంగు సవరించుకుని, “మేడం, జర దీని నడుము సక్కగయ్యేటట్టు ఏదన్న నేర్పియ్యున్రి. డాన్సు రాకున్న ఫికర్ లేదు” అంది. నాట్యశాస్త్రాన్ని అంత తక్కువలో కోరుకున్న తల్లి ఇంకొకరు ఉండరు.

కాలనీ హాలంటే పైన రేకులు, కింద గచ్చు, మధ్యలో ఒక ఫ్యాను. ఆ ఫ్యాను కింద చోటే ముందు వరుస. అందులో మొదటి నుంచి చివరిదాకా ప్రెసిడెంట్ ఆంటీ కూతురు చిన్నిదే మధ్య స్థానం. తల్లి పలుకుబడి వల్ల కాదు, అది నిజంగానే ఆడేది. నాలుగో తరగతి పిల్ల, గుప్పెడంత ఉండేది. ఏ అడుగు చూపించినా ఒక్కసారికే పట్టేసేది. నేను ఫ్యానుకు అందనంత దూరంలో, గోడకు అందేంత దగ్గరలో ఉండేదాన్ని. “నువ్వు వెనక నిలబడితే ఎవరికీ అడ్డం రావు కదమ్మా” అని ఆంటీ ప్రేమగానే చెప్పింది.

మొదటి వారం అంబర్‌పేట నుంచి కూచిపూడి టీచరమ్మ వచ్చింది. ఒక చేతిలో తాళం వేసే తట్టుకర్ర, మరో చేతిలో మంచినీళ్ల సీసా, ముఖం నిండా ఓపిక. ఆ ఓపిక నా దగ్గరికి వచ్చేసరికి కొంచెం తగ్గేది. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడమని చెప్పింది. అందరూ కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. ఆమె దూరం నుంచి చూసి, “వెనకున్న అమ్మాయ్, నువ్వూ కూర్చోవాలి” అంది. “కూర్చున్ననే టీచర్” అన్నాను. ఆమె దగ్గరికి వచ్చి నా మోకాళ్లు చూసి, నా ముఖం చూసి, తిరిగి ముందు వరుసకు వెళ్లిపోయింది. ఆ వారం చివర్లో కృష్ణుడు కొండెత్తే ఘట్టం నేర్పింది. చిన్ని కృష్ణుడు. ఆకుపచ్చ చీర కప్పుకుని, చేతులు చాపి వెనక నిలబడే కొండను నేను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడుపు ముఖం పెడితే అమ్మ ఏం వేషమని అడిగింది. కొండ అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, “కొండంటె తక్కువనా? ఆ ఘట్టంల కొండ లేకుంటె దేవుడు ఉత్త ఏలు లేపుకొని నిలబడాలె” అంది. నాన్న పొలమారేదాకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది కానీ కోపంగా ఉన్నట్టు నటించాను. (ఆ వారం మొత్తంలో నేను చేసిన అభినయం అదొక్కటే.)

తర్వాత ఏఎస్ రావు నగర్ నుంచి వెస్టర్న్ మాస్టర్ వచ్చాడు. ముళ్లపందిలా నిలబెట్టిన జుట్టు, నీడలో కూడా నల్ల కళ్లద్దాలు. అతన్ని మేమందరం స్టయిల్ మాస్టర్ అనేవాళ్లం, ఎదురుగానే. ఆయన ప్రతి పాటనూ ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అని మొదలుపెట్టేవాడు. ఒకటి నుంచి నాలుగు దాకా ఉన్నవి ఏమయ్యాయో ఈనాటికీ నాకు తెలియదు. ఒకరోజు నేలమీద చేతులానించి కాలు గుండ్రంగా తిప్పే అడుగు చూపించాడు. నేనూ తిప్పాను. కాలు మొత్తం తిరిగింది గానీ దారిలో టేప్ రికార్డర్ తగిలింది, స్టూలు తగిలింది, స్టూలు మీదున్న ఆయన టీ కూడా తగిలింది. ఆయన కళ్లద్దాలు తీశాడు. (ఆ క్యాంపులో ఆయన కళ్లు చూసినదాన్ని నేనొక్కదాన్నే.) “చెల్లే, నువ్వు ఏం జెయ్యకు. సెంటర్ ఎనక ఊకె నిలబడు. మిగిలినోళ్లు నిన్ను ఆనుకుని పోజు ఇస్తరు. నీ స్టెప్పు గదే” అన్నాడు. అలా కొండ నుంచి స్తంభానికి మారాను. ఆ తర్వాతి వారం ఎక్కడో విదేశాల్లో జంటలుగా ఆడే నాట్యం నేర్పడానికి ఒక భార్యాభర్తల జంట వచ్చింది. ఆడపిల్లలు మగపిల్లలు చేతులు పట్టుకుంటారని తెలియగానే హాలు కిటికీల దగ్గర తాతయ్యలు మూగారు. గొడవెందుకని ఆంటీ ఆడపిల్లలకు ఆడపిల్లల్నే జత చేసింది. ఎవరి జతలో అయినా మగవాణ్ని నేనే. ఒక్క పూటలో అంతమందికి పెనిమిటినైన ఘనత ఆ హాలులో ఇంకెవరికీ లేదు.

ఇక మానేద్దామనే అనుకున్నాను. “నడుము సక్కగయిందా?” అని అమ్మ అడిగింది. లేదన్నాను. “అయినంక మానెయ్” అని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

చివరి వారం పంజాబీల భాంగ్రా. మాస్టారు కిషన్‌బాగ్ నుంచి స్కూటర్ మీద వచ్చాడు, ముందు కాళ్ల దగ్గర పెద్ద ఢోలు పెట్టుకుని. నారింజరంగు పాగా, తెల్ల గడ్డం, గుండ్రటి బొజ్జ. ఆయనకు తెలుగు రాదని మాకు మేమే తీర్మానించుకున్నాం. చిన్ని పక్కనున్న పిల్ల అందరికీ వినబడేట్టు, “ఈ సార్ గంత బొజ్జతోని ఎట్ల ఎగురుతడే?” అంది. ఆయన ఢోలు తాళ్లు బిగించుకుంటూ తలెత్తకుండానే, “బొజ్జ ఎగరది బేటా. కాళ్లు ఎగురుతయ్. బొజ్జ వాటెనక వస్తది” అన్నాడు. హాలంతా బిగుసుకుపోయింది. నిజాం కాలం నుంచి వాళ్ల కుటుంబం ఇక్కడే ఉందని, ఆయన తెలుగు ముందు మా ప్రెసిడెంట్ ఆంటీ తెలుగే పొరుగూరిదని తర్వాత తెలిసింది. ఆయనను సర్దార్ సార్ అని పిలవడం మొదలుపెట్టాం, భయంతో కాదు, ఇష్టంతో.

సర్దార్ సార్ మొదటి రోజే మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి చూశాడు. నా దగ్గర ఆగాడు. అలవాటు కొద్దీ నేను ఇంకొంచెం ముడుచుకున్నాను. ఆయన నా భుజాలు చూపించి, “గివ్వి ఎన్నొద్దుల సంది దాస్తున్నవ్?” అని అడిగాడు. నేల చూశాను. నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్లి, వీపు, తల వెనక భాగం గోడకు ఆనించి నిలబడమన్నాడు. “ఇగ గోడను ఇడిసిపెట్టి గట్లనే నడువు” అన్నాడు. నడిచాను. హాలు ఉన్నట్టుండి చిన్నదైపోయినట్టు అనిపించింది. అప్పుడు చెప్పాడు, పాట చివర ఒక పిల్ల నా భుజాల మీద కూర్చుని చేతులెత్తుతుందని, అది వాళ్ల ఆటలో గొప్ప ఘట్టమని. మళ్లీ కొండేనా అని నా ముఖం పడిపోయింది. ఆయన గమనించాడు. “ఉత్తగ నిలబడుడు గాదు బేటా. పైన మనిషిని పెట్టుకొని ఆడాలె. అది అందరితోని గాదు. నువ్వు వంగితె పైనున్న పిల్ల పడ్తది. గది యాదికుంచుకుంటె సాలు, మిగిలింది ఢోలు జూసుకుంటది” అన్నాడు.

అమ్మ నెలల తరబడి చెప్పినా నిలవని నడుము ఆ ఒక్క మాటకు నిలబడింది. పైన చిన్ని ఉంది మరి. రోజూ ఆ పిల్లను మోస్తూ గుండ్రంగా అడుగులు వేసేదాన్ని. అది పైన కూర్చుని నా తల మీద తాళం వేసేది. సాయంత్రం ఇంట్లో కూడా సాధన చేస్తానంటే నాన్న కిరాణా కొట్టు నుంచి బియ్యం మూట నా భుజం మీద పెట్టి తెప్పించాడు. గ్యాసు బండ వచ్చిన రోజు కూడా నన్నే పిలిచాడు. “గిది గూడ ప్రాక్టీసేనా నాయినా?” అంటే, “పంజాబ్‌ల గిట్లనే జేస్తరట” అన్నాడు. (నాన్న అప్పటికి కాజీపేట దాటి వెళ్లలేదు.)

చివరి రోజు ప్రదర్శన ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. దుస్తులన్నీ అమ్మే కుట్టింది. పసుపురంగు కుర్తాలు అందరికీ సరిపోయి, నా దగ్గరికి వచ్చేసరికి బట్ట అయిపోయింది. అమ్మ ఎవరికీ చెప్పకుండా ఇంట్లో మిగిలిన ఎర్ర పెళ్లి పట్టు ముక్కలు తీసి, కింద జానెడు అంచు, చేతులకు రెండు పట్టీలు వేసింది. హాల్లో చూసినవాళ్లంతా ఈ గుంపుకు నాయకురాలు ఈ అమ్మాయే కాబోలు అనుకున్నారు. పాగాలు సర్దార్ సార్ తానే చుట్టాడు. నాన్న ఫ్యాక్టరీ యూనిఫారంలోనే స్నేహితులతో వచ్చాడు. అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పేసి గల్లీలో ఆడవాళ్లందరినీ ఆటోల్లో ఎక్కించుకొచ్చింది. కొండ వేషం బాగానే గడిచింది. స్తంభం వేషం కూడా. అప్పటికింకా నా పేరు అడిగినవాళ్లు లేరు.

భాంగ్రా ఆఖరి అంశం. పాట మొదలైంది, అందరం ఎగిరాం. చివరి చరణంలో ఇద్దరు పిల్లలు రెండు పక్కల నిలబడి చేతులందించారు. చిన్ని వాటి మీద అడుగేసి, నా తొడ మీదుగా ఎక్కి భుజాల మీద కూర్చుంది. చప్పట్లు మోగాయి. అది చేతులెత్తాలి, పాట ముగుస్తుంది, దిగాలి, నమస్కారం పెట్టాలి. కానీ మా కాలనీ హాల్లో స్టేజీ లేదు. ఇక్కడ స్టేజీయే మనిషి నడుమంత ఎత్తు, దాని మీద నేను, నా మీద అది. అక్కడినుంచి కిందికి చూసింది. చేతులెత్తవలసిన పిల్ల ఆ రెండు చేతులతో నా పాగాను పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. పాగా జారి నా ముక్కు దాకా వచ్చింది. నాకు లోకం ఆరిపోయింది.

పాట అయిపోయింది. పక్కనున్న పిల్లలు చేతులందించి, “దిగవే” అని గుసగుసలాడారు. “దిగను” అని పైనుంచి సన్నటి గొంతు. వాళ్లు కాసేపు చూసి, పాటైపోతే లోపలికి రావాలని నేర్పారు కనుక, నమస్కారం పెట్టి మిగిలినవాళ్లతో పాటు లోపలికి వెళ్లిపోయారు. స్టేజీ మీద మేమిద్దరమే మిగిలాం. ఇది ఆటలో భాగమో కాదో ఎవరికీ అర్థం కాలేదు. నాకైతే స్టేజీ అంచు ఎటుందో కూడా తెలియదు. రెండు చేతులతో చిన్ని కాళ్లు పట్టుకున్నాను.

“చిన్నీ, దిగుతవా?” అన్నాను మెల్లగా.

“దిగను అక్కా. కిందకి చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.”

“అయితె కిందికి సూడకు, ముందుకు సూడు. నాకేం కనబడ్తలేదు. పాగా కండ్ల మీదికొచ్చింది.”

“వదిలేస్తే పడిపోతానక్కా.”

“ఇడవకు. ఎటు పోవాల్నో నువ్వు చెప్పు, నేను నడుస్త.”

అప్పుడు తెర పక్కనుంచి ఢోలు మోగింది. సర్దార్ సార్ ఏం జరిగిందో పట్టేశాడు. పాట లేకుండా ఉత్త ఢోలు, హాల్లో దానికి అడ్డులేదు. మధ్యలో ఆయన గొంతు, “నిలువుగ బేటా, నిలువుగ” అని వినబడింది. నా వీపుకు లేని గోడ ఆనినట్టైంది. పాదాలు వాటంతటవే లేచాయి. చిన్ని నోటితో చెప్పడం మరిచిపోయి, కుడికి పోవాలంటే పాగాను కుడివైపు, ఎడమకు పోవాలంటే ఎడమవైపు గుంజడం మొదలుపెట్టింది, కళ్లెం పట్టినట్టు. నాకూ అదే సులువనిపించింది. స్టేజీ మీదే చుట్టూ అడుగులేసుకుంటూ తిరిగాం. మొదట ఎవరో ఒక్కరు ఢోలుకు తగ్గట్టు చప్పట్లు కొట్టారు, తర్వాత వరుస, తర్వాత హాలు. నాన్న స్నేహితులు ఈలలు వేశారు. (ఈల వేసినవాళ్లలో నాన్న కూడా ఉన్నాడని అమ్మ చెప్పింది. ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.)

ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఢోలు నా చెవి పక్కనే మోగుతోంది. తెర దగ్గరికి వచ్చేశామన్నమాట. “వచ్చేశాం అక్కా, సార్ ఇక్కడే ఉన్నారు” అంది చిన్ని, ఏడుపు ఆపుకుంటున్న గొంతుతో. ఇంకొంచెం నడిస్తే లోపలికి వెళ్లిపోవచ్చు, ఏ గొడవా లేదు. కానీ నా వెనక హాలంతా చప్పట్లు కొడుతూనే ఉంది. ఆ వేసవంతా నేను ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డాను. ఇప్పుడు స్టేజీ మొత్తం ఖాళీగా ఉంది, దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా నా కాళ్లతో నింపాను, అదీ కళ్లు మూసుకుని. భుజాల మీద ఒక ప్రాణం నన్ను నమ్ముకుని కూర్చుంది. అంత గర్వం నాకు అంతకు ముందు తెలియదు.

“చిన్నీ, ఇంకొక్క రౌండు కొడ్దామా?” అని అడిగాను.

పాగా మీద పట్టు ఇంకొంచెం బిగిసింది. తర్వాత, “నెమ్మదిగా అయితే సరే” అంది.

తిరిగాం. రెండో చుట్టులో పాగా ఒకవైపు వదులైంది. ఏమైందోనని చిన్ని కాళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. హాలు ఒక్కసారిగా గోలపెట్టింది. చిన్ని ఒక చెయ్యి వదిలి జనానికి ఊపుతోందట.

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి జ్ఞాపికతో స్టేజీ ఎక్కాడు. చిన్ని మాత్రం దిగనంది. భయం పోయింది, ఇప్పుడు దానికి ఆ ఎత్తు నచ్చింది. ఆయన మునివేళ్ల మీద లేచి జ్ఞాపిక పైకి అందించాడు. ఫొటో తీశారు. మైకు కూడా పైకే వెళ్లింది. ధైర్యవంతురాలైన బాలిక రెండు మాటలు మాట్లాడుతుందని ప్రకటించారు. చిన్ని గొంతు సవరించుకుని, “నేనేం చేయలేదండీ. అంతా అక్కే చేసింది. పాపం, అక్కకి కళ్లు కనబడవు” అంది.

హాలంతా అయ్యో అంది. ముందు వరుసలో ఒక పెద్దావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుందట. ముఖ్య అతిథి నా తల నిమరబోయి, అక్కడ చిన్ని కాళ్లుండటంతో వాటినే నిమిరాడు. “పాగ అడ్డమొచ్చింది సార్, పాగ” అని నేను లోపలినుంచి ఎంత మొత్తుకున్నా ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. చివరికి సర్దార్ సార్ వచ్చి చిన్నిని ఒక చేత్తో ఎత్తుకుని, రెండో చేత్తో నా పాగా పైకి జరిపాడు. లైట్లకు కళ్లు మిటకరించాను. నాకు మొట్టమొదట కనబడింది అమ్మ. పొట్టి మనిషి, వెనక వరుసలో కనబడక ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి నిలబడింది. చప్పట్లు కొట్టడం లేదు, నవ్వడం లేదు, నా నడుము వైపే చూస్తోంది, కుట్టు సరిగ్గా వచ్చిందో లేదో చూసినట్టు. (ఆ పెద్దావిడ మటుకు చాన్నాళ్లు నన్ను ఉప్పల్ చౌరస్తాలో చూసినప్పుడల్లా చేయి పట్టుకుని రోడ్డు దాటించేది. నిజం చెబితే నొచ్చుకుంటుందని నేనూ పట్టుకునే దాటేదాన్ని.)

దిగి లోపలికి వెళ్లాక సర్దార్ సార్ నన్ను పక్కకు పిలిచాడు. ఢోలు కర్ర నా చేతికిచ్చి, ఒక్క దెబ్బ కొట్టమన్నాడు. కొట్టాను. “గిది నీ జీతం” అన్నాడు. ప్రెసిడెంట్ ఆంటీ కూతుర్ని గుండెకు హత్తుకుని, తర్వాత నన్నూ దగ్గరికి లాక్కుంది. ఆమె తల నా భుజం దగ్గర ఆగింది. “వచ్చే ఏడు నువ్వు ముందు నిలబడమ్మా. అడ్డం వస్తే వెనకవాళ్లనే జరుపుకుందాం” అంది.

ఆ ఫొటో మాకూ ఒకటి ఇచ్చారు. పైన చిన్ని, జ్ఞాపిక, పళ్లన్నీ కనబడే నవ్వు. పక్కన ముఖ్య అతిథి. మధ్యలో పాగా, పాగా కింద గడ్డం కొన, ఎర్ర పట్టీల కుర్తా. నా జీవితంలో అంత గొప్ప రోజుకు మిగిలిన ఒకే ఒక్క ఫొటోలో నా ముఖం లేదు. అమ్మ దాన్నే ఫ్రేము కట్టించి మిషన్ పైన గోడకు తగిలించింది. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు, “ఆ పిల్ల ఎవరు, మస్తు ముద్దుగున్నది” అని అడిగేవారు. అమ్మ కొలతలు తీసుకుంటూనే, “పైనున్న పిల్ల సంగతి ప్రెసిడెంట్ మేడంను అడుగున్రి. కిందున్నది మా బిడ్డ” అనేది. ఇంటికి వచ్చినవాళ్లెవరూ ఆ మాట వినకుండా బయటపడలేదు. నేను వంగి నడవడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తులేదు. ఆ ఏడు దసరాకు గౌను కుట్టేటప్పుడు అమ్మ కొలత తీసి, మళ్లీ తీసి, “ఇంక పెరిగినవా, సక్కగ నిలబడ్డవా?” అని తనలో తనే అనుకుంది.

ఇప్పుడు ఆ కాలనీ హాలు స్థానంలో అపార్టుమెంటుంది. పిల్లలకు వేసవిలో దొరకని విద్య లేదు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మళ్లీ కొంచెం వంగాను. పోయిన ఏడు మా పెదనాన్న మనవడి పెళ్లి బరాత్ నాచారం మెయిన్ రోడ్డు మీద సాగుతుంటే డప్పుల మధ్య ఎక్కడినుంచో ఢోలు కూడా తెప్పించారు. ఆ దెబ్బ చెవిన పడగానే నాకేమైందో తెలియదు. పక్కన నిలబడి, ఎగిరేవాళ్లు కనబడక మెడ సాచి చూస్తున్న అమ్మను నడుం పట్టి అమాంతం పైకెత్తేశాను. “ఓసి నీ ఎత్తు పాడుగాను, దించు, నలుగురు సూస్తున్నరు” అని నా తల గట్టిగా పట్టుకుంది. ఎత్తుకునే గుండ్రంగా తిరిగాను. నిలువుగానే తిరిగాను. దించమని అమ్మ రెండోసారి అనలేదు.

మర్నాడు నడుము పట్టేసింది. ఫిజియోథెరపీ అబ్బాయి నన్ను బోర్లా పడుకోబెట్టి, ఏం బరువు ఎత్తారు మేడం అని అడిగాడు. మా అమ్మను అన్నాను. అతను చేతులాపి, ఈ వయసులో అవన్నీ ఎందుకు మేడం అన్నాడు ఎంతో జాలిగా. ముఖం దిండులో ఉంది కనుక నేను నవ్వడం అతనికి కనబడలేదు. నవ్వితే నడుము ఇంకా కలుక్కుమంది, అయినా చాలాసేపు నవ్వుతూనే ఉన్నాను.